లెఫ్ట్ బ్యాక్ కావలెను

మల్కాపురం ఫుట్‌బాల్ జట్టుకు ఏం కావాలో కోచ్ కంటే తనకే ఎక్కువ తెలుసని గుణశేఖర్‌కు గట్టి నమ్మకం.

పోర్టులో క్రేన్ నడుపుతాడు. అంత ఎత్తున కేబిన్‌లో కూర్చుని, కింద లారీ సర్దుకునేలోగా ఖాళీ దొరికితే చాలు, మనసులో పదకొండు మందిని నిలబెట్టి చూసుకుంటాడు. డ్యూటీ దిగగానే ఆ ఆలోచనలన్నీ ఫేస్‌బుక్‌లో అతని పేజీ మీద పోస్టులవుతాయి. ఆ పేజీకి ఇరవై వేల మంది ఫాలోవర్లు. అందులో సగం మంది తిట్టడానికే వస్తారు, అది వేరే సంగతి.

ఆ ఏడు సిటీ లీగ్‌లో ఎనిమిది జట్లు ఆడితే మల్కాపురానిది ఎనిమిదో స్థానం. కొత్త ఆటగాళ్ళను పంచుకునే డ్రాఫ్ట్‌లో మాత్రం ఆఖరున నిలిచిన జట్టే మొదట కోరుకోవాలి. నాలుగు రౌండ్లు, రౌండుకు ఒక్కరు. ఎవరిని కోరుకోవాలో తేల్చే ముగ్గురిలో తనూ, కోచూ పోగా మూడోవాడు అభిమానుల తరఫున ఉండాలని మేనేజర్ నజీర్ అహ్మద్ ఈసారి కొత్తగా పెట్టాడు. ఆ సీటు గుణశేఖర్‌కు దక్కింది.

జూలైలో ఒక ఉదయం, సన్నటి వానలో, ఆటగాళ్ళకు ఫిట్‌నెస్ పరీక్షలు జరిగే గ్రౌండుకు అతను కాలర్ ఎగరేసుకుని వెళ్ళాడు.

షామియానా కింద బల్ల. బల్ల వెనక రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి. బల్ల మీద పేర్ల జాబితా. అందులో వెంకటేష్ పేరు పక్కన 'ఈ సీజన్‌కు వద్దు' అని రాసి ఉంది.

గుణశేఖర్ ఆ మాట రెండుసార్లు చదివాడు. వెంకటేష్ మల్కాపురం కుర్రాడు. అంత స్పీడున్న స్ట్రైకర్ జిల్లాలోనే లేడని నెల రోజులుగా రాస్తున్నాడు తను.

"ఇది ఎవరు రాసారండి?"

"నేనే."

"మీరెవరు?"

"ఫిజియోని. మీ జట్టు తరఫున చూడమని నజీర్ గారు పిలిచారు. కుసుమకుమారి. మీరు?"

"గుణశేఖర్." ఇప్పుడు గుర్తుపడుతుంది చూడు అన్నట్టు ఆగాడు. ఆమె గుర్తుపట్టలేదు. "ఫ్యాన్స్ తరఫున వచ్చాను," అని తనే చెప్పుకోవలసి వచ్చింది.

"మంచిదండి. ఆ గొడుగు కాస్త పక్కకి పెట్టండి. నీళ్ళన్నీ నా కాగితాల మీద పడతన్నాయి."

"వెంకటేష్ ఎందుకు వద్దో సెప్పండి ముందు."

"చెప్పకూడదు."

"అంటే? నచ్చనేదా?"

"చెప్పకూడదు అంటే చెప్పకూడదనే. అయినా మీ జట్టుకి స్ట్రైకర్ కాదు కావలసింది. పోయినేడు ముప్పై ఒక్క గోల్స్ తిన్నారు. ఎడమ వైపు నుంచి ఎన్ని పడ్డాయో తెలుసా?"

గుణశేఖర్ బుర్ర గోక్కున్నాడు.

"పందొమ్మిది," అందామె. "ఆ ఎడమ పక్క కాసే మంచి లెఫ్ట్ బ్యాక్ ఒకడున్నాడు. సాయిశంకర్. సీతమ్మధార అబ్బాయి. ఓసారి ఆట చూడండి."

"లెఫ్ట్ బ్యాక్‌ని మొదటి రౌండులో ఎవరైనా తీసుకుంటారేటండి? జనం నవ్విపోతారు!"

"పర్లేదు. పోయినేటి నుంచీ నవ్వుతానే ఉన్నారు కదా."

అంత నెమ్మదిగా, అంత తియ్యగా తనను ఎవరూ అవమానించలేదని గుణశేఖర్‌కు అనిపించింది. ఆ సాయంత్రమే పోస్టు పెట్టాడు. 'బంతి తన్నడం రానివాళ్ళా మన జట్టును కట్టేది?' కింద తన కలల జట్టు. అందులో మొట్టమొదటి పేరు వెంకటేష్.

పోస్టు ఊరంతా తిరిగింది. వెంకటేష్ ఫోటోతో ఆటోల వెనక స్టిక్కర్లు కూడా వెలిశాయి. ఆరు వందల కామెంట్లలో ఒకటి మాత్రం గుణశేఖర్‌కు అన్నం సయించనివ్వలేదు.

'ఎనిమిదేళ్ళు బంతి తన్నాను. ఆనందపురం స్కూల్ నుంచి జిల్లా జట్టు దాకా. లెఫ్ట్ బ్యాక్. మీ లిస్టులో ఆ చోట ఎవరూ లేరు, చూసుకోండి. కుసుమకుమారి.'

చూసుకున్నాడు. నిజమే! ఫార్వర్డ్‌ల మోజులో నలుగురిని ముందు పెట్టి, లెఫ్ట్ బ్యాక్‌ను రాయడమే మర్చిపోయాడు. పోస్టు కంటే ఆ కామెంటుకే లైకులు ఎక్కువ వచ్చాయి.

ఉక్రోషంతో ఆదివారమంతా కూర్చుని పోయినేటి మ్యాచ్‌ల వీడియోలన్నీ మళ్ళీ చూశాడు. ఒక్కో గోలుకూ కాగితం మీద గీత పెట్టి లెక్కేశాడు. సగానికి పైగా ఎడమ వైపు నుంచే. చివరికి ఆమెకు మెసేజ్ పెట్టాడు.

'పందొమ్మిది కాదండి. ఇరవై.'

'ఆ ఇరవయ్యోది గోలీ తప్పు. లెక్కలోకి రాదు.'

'గోలీ ఎడమ పక్కకి ఎందుకెళ్ళాడు? అక్కడ మనోడు లేకనే కదా!'

'అయితే ఒప్పుకున్నట్టేనా?'

దొరికిపోయాడు. వాదన మాత్రం ఆగలేదు. మిడ్‌ఫీల్డ్‌లో ఎవరు, రిజర్వ్‌లో ఎవరు, కార్నర్ ఎవరు కొట్టాలి అంటూ వారం రోజులు సాగింది. క్రేన్ దిగగానే గుణశేఖర్ చెయ్యి ముందు ఫోన్ మీదికే పోయేది. అందులో కుసుమ పేరు కనిపించకపోతే ఆ పూట టీ చప్పగా ఉండేది. వెంకటేష్ సంగతి ఎత్తితే మాత్రం ఒకటే జవాబు. 'ఆ ఒక్కటీ అడక్కండి.'

గురువారం డ్యూటీ లేదు. భుజం నొప్పి అనే వంక పెట్టుకుని సీతమ్మధారలో ఆమె పనిచేసే క్లినిక్‌కు వెళ్ళాడు.

కుసుమ భుజం మీద వేలితో నొక్కింది. "ఇక్కడా?"

"కాదండి."

"ఇక్కడా?"

"అక్కడా కాదు."

"మరి నొప్పి ఎక్కడండి?"

"ఇప్పుడే తగ్గిపోయినట్టుంది," అన్నాడు గుణశేఖర్.

ఆమె నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ వెంకటేష్ లోపలికొచ్చాడు.

గుణశేఖర్ గబుక్కున ఒక కుర్చీ అతని వైపు జరిపాడు.

"దొరికిపోయాను," అని వెంకటేష్ కుర్చీలో కూలబడ్డాడు. "డాక్టరమ్మ తప్పు లేదు బావా. మోకాల్లో నరమేదో సగం తెగిందంట. ఎవలికీ సెప్పొద్దని నానే కాళ్ళు పట్టుకున్నాను. తెలిస్తే ఏ టీమూ తీసుకోదు."

"మరి ఈ కాలుతో ఎలాగాడతావురా?"

"ఇంజెక్షన్ సేయించుకుని ఆడీద్దామనుకున్నాను. అసలైతే ఎప్పుడో పేరు తీసీద్దునురా. నీ పోస్టు సూసి ఊరంతా నన్ను నెత్తినెట్టుకున్నాది. మా అమ్మ పుష్పమ్మ ఆ ఆటో స్టిక్కరు ఇంటి తలుపుకి అంటించీసింది. ఇప్పుడొద్దంటే పిరికోడంటారు బావా."

కుసుమ గుణశేఖర్‌ను వరండాలోకి తీసుకొచ్చింది.

"ఈ కాలుతో ఒక్క సీజన్ ఆడితే మళ్ళీ పరిగెత్తడు," అంది. గొంతు తగ్గించినా అందులో కోపం తగ్గలేదు. "నన్ను బంతి రానిదాన్నని అన్నారు, నవ్వుకున్నాను. కానీ మీ రాతలు చదివి వాడు ఇంజెక్షన్ల కోసం తిరుగుతున్నాడు. ఇరవై వేల మంది చదివేటప్పుడు కాస్త చూసుకుని రాయాలి కదండీ."

"తప్పయిపోయింది," అన్నాడు. "తప్పు రాసింది నానే. దిద్ది రాసేదీ నానే."

ఆ రాత పని ఆ మధ్యాహ్నమే చేశాడు. మోకాలి మాట ఎక్కడా రాకుండా జాగ్రత్తపడి రాశాడు. 'నేను చెప్పింది తప్పు. నలుగురు ఫార్వర్డ్‌లను పెట్టి వెనక తలుపు తెరిచి వదిలేశాను. మనకు కావలసింది లెఫ్ట్ బ్యాక్. ఆ మాట ముందే చెప్పిన ఫిజియో గారిని నోటికొచ్చినట్టు అన్నాను. క్షమించాలి.'

జనం ఊరుకుంటారా! 'గుణా బావ ఫిజియోకి పడిపోనాడు' అని ఒకరు. 'డ్రాఫ్ట్‌లో పెళ్ళికూతురు కూడా ఉందేటి?' అని ఇంకొకరు. పోర్టులో క్రేన్ కింద లారీ డ్రైవర్లు కూడా హారన్ కొట్టి మరీ ఏడిపించారు. అన్నీ భరించాడు. మొదటి కామెంటు రాసినవాడు నిజమే చెప్పాడు కాబట్టి జవాబు కూడా ఇవ్వలేకపోయాడు.

డ్రాఫ్ట్ రోజు కమ్యూనిటీ హాలు కిక్కిరిసిపోయింది. పైన రేకుల మీద వాన దరువు. మల్కాపురం బల్ల దగ్గర నజీర్ అహ్మద్, కోచ్ దుర్గారావు, గుణశేఖర్. వెనక కుర్చీలో ఫైలు పట్టుకుని కుసుమ.

"నా ఓటు వెంకటేష్‌కే," అన్నాడు దుర్గారావు.

నజీర్ గడ్డం నిమురుకున్నాడు. "ఫిజియో వద్దంటే నాకు భయం భాయ్. నాది సాయిశంకర్‌కి. నువ్వు చెప్పు గుణా."

హాలంతా వెంకటేష్ పేరుతో ఊగిపోతోంది. ఆ కేకలు తను నేర్పినవే. గుణశేఖర్ లేచి మైకు అందుకున్నాడు.

"మల్కాపురం మొదటి ఆటగాడు సాయిశంకర్."

ఈలలు, అరుపులు మొదలయ్యాయి. "అమ్ముడుపోనాడ్రా!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు. నలిపిన కాగితం ఒకటి వచ్చి అతని చెవికి తగిలింది.

అప్పుడు ఆటగాళ్ళ వరసలోంచి వెంకటేష్ లేచాడు. కుంటుతూ, దాచుకోకుండా కుంటుతూ, మైకు దాకా నడిచొచ్చాడు.

"ఆడినేటీ అనకండి. నా కాలు బాగోనేదు. ఆడికి తెలుసు, మేడమ్‌కీ తెలుసు. నా పరువు కోసం ఇద్దరూ మాటలు పడతన్నారు. ఈ ఏడు నానాడలేను."

పుష్పమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి లేచొచ్చి, కొడుకు చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

రెండో రౌండు అయింది. మూడోది అయింది. ఏ జట్టూ వెంకటేష్ పేరెత్తలేదు. నాలుగో రౌండులో మల్కాపురం వంతు వచ్చేసరికి కుసుమ ముందుకు వంగింది.

"ఒక రిజర్వ్ చోటు గాయం తగిలినవాళ్ళకి ఉంచుకోవచ్చని రూలుంది. జట్టులో ఉంటే ఆపరేషన్ లీగ్ ఇన్సూరెన్స్‌లోనే అయిపోద్ది. తొమ్మిది నెలలు నాకొదిలీండి. వచ్చే ఏడు పరిగెత్తిస్తాను."

"ఆడనోడికి జెర్సీ ఏటమ్మా?" అన్నాడు దుర్గారావు. "రిజర్వ్ గోలీ కావాలి మనకి."

"కోచ్‌గారూ," అన్నాడు గుణశేఖర్. "ఈ ఏటికి మాత్రమే జట్టు కడితే వచ్చే ఏడు మళ్ళీ ఇదే బల్ల దగ్గర ఏడుస్తాం. గోలీని ట్రయల్స్ పెట్టి తెచ్చుకుందాం. వెంకటేష్ లాంటోడు మళ్ళీ దొరకడు."

దుర్గారావు వెంకటేష్ వైపు చూశాడు. తర్వాత మైకు తనే లాక్కున్నాడు. "మల్కాపురం నాలుగో ఆటగాడు వెంకటేష్!"

ఇందాక కాగితం విసిరినవాళ్ళే ఈసారి కుర్చీలెక్కారు. పుష్పమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. వెంకటేష్ ఏడుస్తూ నవ్వుతున్నాడు.

అంతా అయ్యాక హాలు వరండాలో కుసుమ వాన తగ్గడం కోసం నిలబడింది. గుణశేఖర్ పక్కన చేరాడు. క్రేన్ మీద ఎప్పుడూ తిరగని కళ్ళు ఇప్పుడు తిరుగుతున్నాయి.

"ఒక మాట సెప్పాలండి."

"నొప్పి మళ్ళీ వచ్చిందా?"

"అసలు లేదండి నొప్పి. మీరంటే ఇష్టం. మొన్న కామెంట్లలో అందరూ అన్నది నిజమే."

కుసుమ వాన వైపే చూస్తూ నిలబడింది. చెవి అంచు మాత్రం ఎర్రబడింది. "నాకూ కాదనాలని లేదు," అంది చివరికి. "కానీ మా నాన్న మీ మొదటి పోస్టు చదివారు. ఆదివారం ఆనందపురం రండి. ఆయనకి మీరే చెప్పుకోండి."

ఆదివారం గుణశేఖర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. కుసుమ వాళ్ళ నాన్న చలమయ్య పూలతోట రైతు. కళ్ళం నిండా బంతిపూల రాశులు. వాటి మధ్య కూర్చుని నాయనమ్మ దేముడమ్మ పూలు ఏరుతోంది.

"మా పిల్లకి బంతి రాదని రాసింది నువ్వేనా?" అన్నాడు చలమయ్య, కూర్చోమనకుండానే.

"నానేనండి."

"మరిప్పుడేటి, పిల్లనిమ్మని వొచ్చావా?"

దారి పొడవునా బట్టీ పట్టిన మాటలన్నీ ఎగిరిపోయాయి. "ఔనండి. తప్పు రాసాను. ఆవిడే దిద్దారు. ఇకముందు తప్పు సేసినా ఆవిడే దిద్దుతారని ధైర్యం. మా అమ్మానాన్నలకి సెప్పాను. మీరు సరేనంటే వొచ్చి మాట్లాడతామన్నారు."

చలమయ్య కంటే ముందు దేముడమ్మ తలెత్తి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏటి పని సేత్తావు బాబూ?"

"పోర్టులో క్రేన్ నడుపుతానమ్మమ్మా."

"బంతాట పిచ్చోడంట కదా?"

"ఔనమ్మమ్మా. కొంచెం."

"మాకూ పొద్దునలేస్తే బంతిగోలే," అని ముసలామె బోసినోరు తెరిచి నవ్వింది. "ఒరే సెలమయ్యా, పిల్లోడు అబద్ధమాడనేదు. అడిగినదానికి తిన్నగా సెప్పాడు. ఇంకేటి కావాల్రా నీకు? కూకోమను ముందు."

చలమయ్య మీసం కింద పెదవులు కదిలాయి. నవ్వో, కాదో తెలియలేదు. కానీ మంచం మీద పరిచిన గోనెపట్టా తీసి, "కూకో," అన్నాడు. ఆ తర్వాత లోపలికి వినపడేలా, "అమ్మాయీ, అబ్బాయికి మజ్జిగ తే. ఆళ్ళోళ్ళని ఎప్పుడు రమ్మందామో పంచాంగం చూసి చెబుతాను," అన్నాడు.

మజ్జిగ తాగాక కుసుమ బయటికొచ్చింది. మార్కెట్ ఆటో రోడ్డు మీద హారన్ కొడుతోంది. పూలతో నిండిన పెద్ద వెదురు బుట్ట గుమ్మం పక్కన ఉంది. గుణశేఖర్ ఒక్క ఉదుటున దాన్ని ఎత్తబోయి తూలాడు.

"పడతావు, ఆగు," అంది కుసుమ, మొదటిసారి అతన్ని నువ్వు అని పిలుస్తూ. "నువ్వు ఆ చివర పట్టుకో. నాను ఈ చివర పట్టుకుంటాను."

ఇద్దరూ బుట్ట మోసుకుంటూ తడి గట్టు మీద అడుగులో అడుగు వేసుకుని రోడ్డు వైపు నడిచారు.