తల్లొస్తంది, దారొగ్గండి!

పిల్లలూ, కుదురుగా కూర్చోండి. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మధ్యలో గొంతు పెంచానంటే జడుసుకోకండి, ఆ కోపం మీ మీద కాదు. శృంగపురాన్ని ఏలిన దర్పకేతు మహారాజు మీద.

శృంగపురం కొండల రాజ్యం. ఆ కొండల్లో మబ్బులు తగిలే చోట ఒక ఏరు పుట్టేది. అడవులన్నీ తిరిగి, దారిలో ఎదురైన ప్రతి వాగునూ వెంటేసుకుని, రాళ్ల మీద గలగలా దూకుతూ సముద్రానికి పోయేది. దాన్ని గజ్జెలేరు అనేవారు. దానికి కట్ట లేదు, పగ్గం లేదు. ఎగువన అడవి జనం దాని ఒడ్డున సామలు, కొర్రలు పండించుకుని, తొలి గింజలు ఏటికి పెట్టాకే తాము తినేవారు. దిగువన, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, మొగపేట అని బెస్తల పల్లె ఉండేది.

ఆ మొగపేట పిల్లల సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. వాళ్లు పుట్టగానే కేరుమనరు. నోరు తెరిచి ఏడుస్తారు కానీ చప్పుడు రాదు. తల్లి తీసుకెళ్లి గజ్జెలేటి పారే నీటిలో ఒక్క మునక వేయిస్తే అప్పుడు గొంతు విప్పుతారు. ఆ రోజే పేరు పెడతారు. తొలి పన్ను రాకముందే ఆ మునక పడాలి. పడకపోతే ఆ బిడ్డకు ఇక జన్మలో గొంతు రాదు.

ఇంకో ఆచారం కూడా వినండి, ఇది ముఖ్యం. కొత్తనీరు వచ్చే రోజుల్లో కడుపు నిండా గుడ్లతో పులసలు సముద్రంలోంచి ఏటికి ఎదురీదుతాయి. బెస్తలు ఏటికి అడ్డంగా వెదురు తడికలు కట్టినా, మధ్యలో బారెడు సందు వదిలేవారు. దాని పేరు తల్లిదారి. ఒక పెద్దాయన నడుంలోతు నీళ్లలో నిలబడి "తల్లొస్తంది, దారొగ్గండి!" అని కేకేస్తే ఎంత ఆకలిగొన్నవాడైనా పక్కకు తప్పుకోవాల్సిందే. గుడ్ల చేపను ఒంటిచేత్తో ముట్టుకోరు. పొరపాటున వలలో పడితే రెండు చేతుల దోసిట్లోకి తీసుకుని, ఎగువకు తిప్పి వదులుతారు. దోసిట పట్టినవాడు ఇంకెక్కడా వదలడానికి వీల్లేదు.

ఇలా ఉండగా దర్పకేతుడు ఏటి పక్కన కొత్త మేడ కట్టించుకున్నాడు. ఒకనాడు మేడ మీద నుంచి వంగి నీళ్లలో తన ముఖం చూసుకున్నాడు. పారే నీళ్లు కదా, ముఖం వంకరటింకరగా కనిపించింది. "ఈ ఏరు నన్ను వెక్కిరిస్తోంది!" అని మండిపడ్డాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముఖం బాగోలేకపోతే ఏరేం చేస్తుందర్రా?

వెంటనే స్తంభనాథుడనే మాంత్రికుణ్ణి పిలిపించాడు. వాడికి జలస్తంభన విద్య వచ్చు. వాడు ఎక్కడివాడో, ఎవరి బిడ్డో ఎవరికీ తెలియదు. అడిగితే నీటిలోంచి పుట్టానని కోతలు కోసేవాడు. రెండు కొండలు ఇరుకయ్యే చోట నిలబడి, మంత్రదండం ఎత్తి గట్టిగా మంత్రం చదివాడు. పారే ఏరు పారుతున్నట్టే లేచి నిలబడి గోడ అయిపోయింది.

గోడకు ఎగువన పెద్ద సరస్సు వెలిసింది. రాజుగారి మేడ అందులో తలకిందులుగా చక్కగా కనిపించింది. అడవి జనం గుడిసెలు, చేలు నీళ్లలో మునిగిపోయాయి. దిగువన ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. ఒక్క మనిషి మీసం దువ్వుకోవడానికి ఒక ఏటిని ఖర్చు పెట్టేశారు! పైగా ఆస్థాన పండితులు 'ఆహా, ఓహో' అని శాలువాలు కప్పించుకున్నారు. ఛీ!

వీరులు కొందరు రాకపోలేదు. కత్తులతో నరికారు, ఏనుగులతో పొడిపించారు. దెబ్బ పడిన ప్రతిసారీ గోడ ఇంకాస్త పెరిగింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే తలలు దించుకుని వెళ్లిపోయారు.

మొగపేటలో నూకాలు అనే పిల్ల ఉండేది. మహా కోపిష్టిది. ఏరు ఎండిపోయాక దానికి తమ్ముడు పుట్టాడు. వాడు ఏడిస్తే వినపడదు కదా, ఎప్పుడు ఆకలేసిందో తెలియదు. అందుకని తల్లి అప్పలకొండ వాడి పెదవుల మీద వేలు ఆనించుకుని పడుకునేది. ఆ వేలు కదిలితే లేచి పాలిచ్చేది. ఆమె కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో.

ఒక పొద్దున ఆమె బిడ్డ నోట్లో వేలు పెట్టి చూసి గొల్లుమంది. "ఓలమ్మో నూకాలూ! సిగుళ్లు గట్టిపడిపోయాయే. ఇయాలో రేపో పన్నొచ్చేస్తాది. నీ తమ్ముడు మూగోడైపోతాడే!"

"ఎందుకవుతాడు? ఏటిని నాను తెస్తాను!" అంది నూకాలు.

"ఏనుగులే తేలేకపోయాయి, నువ్వేటి తెస్తావే?"

"ఏనుగులకి తమ్ముళ్లు మూగోళ్లైపోతన్నారేటి?" అని కడవ చంకనెత్తుకుని బయల్దేరింది.

మొగ దగ్గర మోకాలి లోతు మడుగు ఒక్కటే మిగిలింది. అందులో వెండిలా మెరిసే పులస ఒకటి ఎగశ్వాస తీస్తోంది. నూకాలును చూసి మనిషిలా మాట్లాడింది. "అమ్మాయీ, నా కడుపులో ఈ ఏటికి రావలసిన చేపలన్నీ ఉన్నాయి. నా దారి ఎవరో మూసేశారు. నన్ను పైకి చేర్చు."

నూకాలు గబగబా కడవను ఆ మడుగు నీళ్లతో నింపింది. "తల్లిదారి మూసినోడు బాగుపడతాడేటి!" అని, రెండు చేతులా పులసను ఎత్తి నీళ్ల కడవలో వేసుకుని, ఎండిన ఏటి వెంబడి నడక సాగించింది.

కాళ్లు కాలే ఇసుక. నూకాలుకు దాహంతో నాలుక పిడచకట్టింది. కడవలో నీళ్లున్నా ఒక్క గుక్క తాగలేదు.

కొంతదూరం పోయాక ఏటినిండా ఊబి అడ్డం వచ్చింది. ఆ బురదలో పడుకున్న ముసలి మొసలి ఒకటి నోరు తెరిచింది. "పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. నాకు పుస్తెలు కూడా లేవు. ఊరికే ఇచ్చెయ్ పిల్లా, లేదా నిన్నూ కలిపి తింటాను."

"సిగ్గు నేదా తాతా!" అని గయ్యిమంది నూకాలు. "ఇంత ఏటికి దొరవి! ఏటిని ఎవడో కట్టేస్తే వాడినొగ్గేసి, నా కడవ మీద పడతావేటి?"

"ఆకలికి సిగ్గెక్కడిదే?"

"ఇయాల ఈ సేపని తింటావు, రేపేటి తింటావు? ఇసకా? ఈ తల్లి పైకెల్లి గుడ్లెడితే ఏరంతా సేపలే. అప్పుడు నువ్వు తిన్నా నానేటీ అనను."

మొసలి నోరు మూసుకుంది. మొసలి కన్నీరని లోకం ఎగతాళి చేస్తుంది గానీ, ఆనాడు దాని కళ్లవెంట కారినవి నిజం కన్నీళ్లే. "ఎక్కు నా వీపు మీద. ఏరు కదిలితే నేనే ఎదురొస్తాను" అని ఆమెను ఊబి దాటించింది.

ఆ పైన ఒకప్పుడు జలపాతం ఉన్న చోట బండ మీద ఒక ముని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అప్పటికి కడవలో నీళ్లు బాగా తగ్గిపోయి పులస ఒక పక్కకు ఒరిగింది. నూకాలు దండం పెట్టి తన బాధంతా చెప్పుకుంది.

ముని చల్లగా నవ్వాడు. "శాంతించు బిడ్డా. పారినది ఆగుతుంది, ఆగినది పారుతుంది. అంతా విధి."

"విధి కాదు సామీ, రాజు! విధికి మీసాలుంటాయేటి?" అంది నూకాలు. అంతలో ఆయన పక్కనున్న కమండలం చూసింది. "మీ కమండలం నిండా నీళ్లున్నాయే! ఎక్కడివి?"

"రాజుగారు రోజూ పంపిస్తారు."

"అదీ సంగతి! మా గొంతులెండితే విధి. మీ గొంతెండితే మాత్రం రాజుగారు పంపుతారు!"

మునికి తల తీసేసినట్టయింది. లేచి కమండలం నీళ్లన్నీ పులస మీద పోశాడు. "నిజమే తల్లీ, నా తపస్సుకు తుప్పు పట్టింది. ఒక రహస్యం చెబుతాను విను. ఆ గోడ దెబ్బలకు కూలదు. మంత్రం వేసినవాడే తన చేతులతో, తన ఇష్టంతో సందు తీయాలి. ఒక్క సందు పడితే చాలు. తక్కినది ఏరే చూసుకుంటుంది."

నూకాలు ఆ కొండల ఇరుకుకు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నీటిగోడ ఆకాశానికి అంటుతోంది. ఆ గోడలోంచి మునిగిపోయిన గుడిసెల కప్పులు, ఎవరి ఇంటివో రోళ్లు, పొయ్యిరాళ్లు అన్నీ కనిపిస్తున్నాయి. గోడ పైన రాజు పడవలో షికారు చేస్తున్నాడు. కింద స్తంభనాథుడు పట్టుబట్టలు కట్టుకుని, మంత్రదండం పట్టుకుని కాపలా ఉన్నాడు.

"ఎవరు నువ్వు? ఆ కడవలో ఏముంది?" అని గద్దించాడు.

"తల్లి ఉంది. దారొగ్గు!"

స్తంభనాథుడు విరగబడి నవ్వాడు. "ఏనుగులు వచ్చి పోయాయి, ఇప్పుడు కడవలు వస్తున్నాయా?" అని దండంతో కడవను ఒక్క దెబ్బ కొట్టాడు. కడవ పగిలింది. నీళ్లన్నీ బండ సందుల్లో ఇంకిపోయాయి. పులస ఎండకు కాలిన రాతి మీద పడి గిలగిల కొట్టుకుంది.

అప్పుడు జరిగింది చూడండి. స్తంభనాథుడి చేతిలోని దండం జారి కింద పడింది. వాడు గబుక్కున వంగి, రెండు చేతుల దోసిట్లోకి పులసను ఎత్తుకున్నాడు. ఎందుకు ఎత్తుకున్నాడో వాడికే తెలియలేదు.

నూకాలు నోరు వెళ్లబెట్టింది. మరుక్షణం వేలెత్తి చూపించింది. "నువ్వు మొగపేటోడివి!"

"కాదు! నేను నీటిలోంచి పుట్టాను!"

"అయితే ఒంటిచేత్తో ఎందుకు పట్టుకోలేదు?"

వాడి నోట ఆస్థానంలో నేర్చిన మాట జారిపోయి, పాత మాట బయటికి వచ్చింది. "ఊరుకోవే గుంటా. మాయమ్మ నేర్పిందే. సిన్నప్పుడు."

"మీయమ్మ సగమే నేర్పిందేటి? దోసిట పట్టినోడు ఎక్కడొగ్గాలి?"

"ఎగువకి."

"మరి ఒగ్గు!"

"రాజు నా పేణం తీసేస్తాడే!"

అప్పుడు నూకాలుకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "నీకు గొంతెవరిచ్చారు? పుట్టినప్పుడు నువ్వూ సప్పుడు నేకుండానే ఏడిసావు. మీయమ్మ నిన్నీ ఏట్లో ముంచితే గొంతొచ్చింది. ఏరిచ్చిన ఆ గొంతుతోనే మంత్రం సదివి ఏటినే కట్టేసినావు! అక్కడ మా తమ్ముడు నోరు తెరిసి ఏడుత్తాడు, ఎవలికీ ఇనపడదు. మాయమ్మ వాడి నోటి మీద యేలెట్టుకుని తొంగుంటాది. పన్నొచ్చేస్తంది వాడికి! నీకు నీ పేణం ముద్దా?"

స్తంభనాథుడి దోసిట్లో పులస మెల్లగా అంది. "నాయనా, ఊపిరాడటం లేదు."

పైనుంచి రాజు అరిచాడు. "స్తంభనాథా! అక్కడేం ముచ్చట్లు? ఆ చేపను వంటశాలకు పంపించు!"

స్తంభనాథుడు తలెత్తి రాజును చూశాడు. దోసిట్లోని తల్లిని చూశాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని, కొండలు మారుమోగేలా కేకేశాడు. "తల్లొస్తంది! దారొగ్గండి!"

అంటూనే రెండు చేతులూ నీటిగోడలోకి దూర్చాడు. బారెడు సందు పడింది. పులస ఒక్కసారి తోక ఆడించి లోపలికి దూసుకుపోయింది. ఆ సందులోంచి ముందు చెంబెడు నీళ్లు వచ్చాయి, తర్వాత కడవెడు, ఆ తర్వాత ఏరంతా కదిలింది! రాజుగారి పడవ బొంగరంలా తిరిగి బురదలో కూలబడింది. కిరీటం ఎటు కొట్టుకుపోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మొసలి మాట తప్పలేదు. ఎదురొచ్చి నూకాలునూ, మాంత్రికుణ్ణీ వీపు మీద ఎక్కించుకుంది. ఇన్నాళ్లు ఆగినా ఏరు తన దారి మరిచిపోలేదు. పాత గట్ల మధ్యనే, పాత రాళ్ల మీదనే దూకుతూ మొగపేటకు దిగింది.

ఆ గలగల విని అప్పలకొండ బిడ్డతో పరుగెత్తుకొచ్చింది. వాడి చిగురు మీద తెల్లని గీత తేలుతోంది. నూకాలు మొసలి వీపు మీద నుంచే అరిచింది. "ముంచే అమ్మా! ముంచు!"

అప్పలకొండ బిడ్డను పారే నీటిలో ఒక్క మునక వేసి పైకెత్తింది. బిడ్డ నోరు తెరిచాడు. మొదట ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత చూడండి, కేరు కేరుమని గట్టు అదిరిపోయేలా ఏడ్చాడు!

"ఇంకోపాలి ఏడవరా నా తండ్రీ, ఇంకోపాలి!" అంటూ అప్పలకొండ వాణ్ణి హత్తుకుని ఏడ్చింది. వాడికి ఏరన్న అని పేరు పెట్టారు. ఆ రోజు ఆమె వేలు ఎక్కడా ఆనించకుండా హాయిగా నిద్రపోయింది.

స్తంభనాథుడు దండం విరిచేసి, మొగపేటలోనే వలలు అల్లుకుంటూ ఉండిపోయాడు. దర్పకేతుణ్ణి అడవి జనం, బెస్తలు కలిసి ఏటి ఒడ్డుకు తెచ్చారు.

"ఏదో పొరపాటు జరిగిపోయింది" అని గొణిగాడు రాజు.

"పొరపాటు కాదు, పొగరు!" అంది నూకాలు.

జనం రాజును చంపలేదు. సింహాసనమూ తీసేయలేదు. ముందు మునిగిన ఇళ్లన్నీ వాడి చేత మళ్లీ కట్టించారు. తర్వాత శాసనం చేశారు. శృంగపురానికి ఎవరు రాజైనా సరే, ఏటా కొత్తనీటి రోజుల్లో మొగపేటకు వచ్చి, నడుంలోతు నీళ్లలో నిలబడి, తల్లిదారి మూసుకుపోకుండా తడికను తన చేతులతో పట్టుకోవాలి. అలా పట్టుకోలేనివాడు ఏటినే కాదు, రాజ్యాన్నీ ముట్టుకోకూడదు.

ఏరన్న పెరిగి పెద్దవాడయ్యాడు. మొగపేటలో వాడి గొంతంత పెద్ద గొంతు ఇంకొకరికి లేదు. ఏటేటా పులసలు ఎదురీదే వేళ గట్టెక్కి వాడే కేకేసేవాడు.

"తల్లొస్తంది! దారొగ్గు రాజా!"

ఆ కేక వినగానే దర్పకేతు మహారాజు తడిక పట్టుకుని పక్కకు జరిగేవాడు. జరుగుతూ జరుగుతూ నీళ్లలోకి చూసుకునేవాడు. పారే నీళ్లు కదా, ముఖం వంకరగానే కనిపించేది. ఈసారి మాత్రం నోరెత్తేవాడు కాదు.