బామ్మకు చెప్పాకే మాస్టారికి

"నా ప్రోగ్రాం పుణ్యమా అని మా ఓనరుకి నలభై రెండు మెసేజులు వెళ్ళాయి! ఇక్కడ మాస్టారెవరండీ?"

తలుపు తోసుకుని లోపలికి వస్తూనే ఆ అమ్మాయి అడిగిన మాట అది. బయట వాన కుండపోతగా కురుస్తోంది. జుట్టు మీద నుంచి నీళ్ళు ధారగా కారుతున్నా ఆమెకు పట్టలేదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన లాప్‌టాప్‌ను మాత్రం చంటిపిల్లలా గుండెలకు హత్తుకుని ఉంది.

గదిలో ఆరు కంప్యూటర్లు, ఆరుగురు మనుషులు, మూలనున్న టేబుల్ దగ్గర మాస్టారు. పగలంతా కంపెనీలో ఉద్యోగం చేసి, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఈ గదిలో కూర్చుంటాడు. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకుంటూ ఎక్కడో ఒకచోట ఇరుక్కుపోయినవాళ్ళు ఎవరొచ్చినా సాయం చేస్తాడు. ఎవరు ఏ సమస్య చెప్పినా ముందు "లైను చివర రెండు చుక్కలు పెట్టారా?" అని అడగడం అలవాటు; కోలన్ గుర్తన్నమాట, అది లేకపోతే ప్రోగ్రాం నడవదు. అందుకని అందరూ కలిసి రెండు చుక్కల మాస్టారని పేరు పెట్టేశారు.

అతను తలెత్తి చూశాడు. చూసి, చెప్పాల్సిన మాట మరిచిపోయి, వేలితో గోడ మీది కాగితం చూపించాడు. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: "ముందు బామ్మకు చెప్పాలి. బామ్మకు చెప్పాకే మాస్టారికి."

తలుపు పక్కన బల్ల మీద బామ్మ కూర్చుని ఊలుతో ఏదో అల్లుతోంది. మాస్టారికి స్వయానా నాన్నను కన్న తల్లి. కంప్యూటర్ ఆన్ చేయడం కూడా ఆవిడకు రాదు.

"ఏంటండీ ఇది? నేను డౌటు అడగడానికొచ్చానా, కబుర్లు చెప్పుకోవడానికొచ్చానా?" ఆ అమ్మాయికి ఒళ్ళు మండింది.

"ఇక్కడి రూలు అదేనండీ," అన్నాడతను నెమ్మదిగా.

"రా తల్లీ, కూర్చో," అని బామ్మ పక్కకు జరిగింది. "నీకు తెలిసిందంతా మొదట్నుంచీ చెప్పు. నాకేమీ రాదు, అది గుర్తుపెట్టుకుని చెప్పు."

మూతి ముడుచుకుని కూర్చుంది ఆ అమ్మాయి. "నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను బామ్మగారూ. అద్దాలు తయారవగానే కస్టమర్లకు మెసేజ్ వెళ్ళేలా ప్రోగ్రాం రాస్తున్నా."

"ఊఁ, తర్వాత?"

"లిస్టులో మొదటి పేరు మా ఓనరుది పెట్టా, ఊరికే చూద్దామని. ప్రోగ్రాం మొదటి పేరు తీసుకుంటుంది. మీ కళ్ళద్దాలు సిద్ధం అని మెసేజ్ పంపుతుంది."

"ఊఁ, తర్వాత?"

"తర్వాత మళ్ళీ పైకి వెళ్తుంది. వెళ్ళి, రెండో పేరు..." ఆమె ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో! రెండో పేరుకి వెళ్ళమని నేనెక్కడా చెప్పనే లేదు! అందుకే ఒక్కరికే పంపుతూ కూర్చుంది! పాపం మా సారు ఫోన్ చేసి, అమ్మా, నాకసలు కళ్ళద్దాలే లేవమ్మా అని మొత్తుకున్నారు!"

గదిలో అందరూ గొల్లుమన్నారు. ఆ అమ్మాయి ఎగిరి గంతేసినంత పని చేసింది. అక్కడికక్కడే లాప్‌టాప్ తెరిచి ఒక్క లైను చేర్చి, బామ్మ చేతులు పట్టుకుని ఊపేసింది. మాస్టారికి మాత్రం ఒక్క థాంక్స్ కూడా లేదు.

వెళ్ళిపోతున్నదల్లా గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. గబగబా అతని టేబుల్ దగ్గరికొచ్చింది.

"మీ ఫ్రేము ఎడమవైపు ఒరిగిపోయింది. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు."

అతను ఏదో అనేలోపే ముక్కు మీది కళ్ళద్దాలు ఆమె చేతిలో ఉన్నాయి. హ్యాండ్‌బ్యాగులోంచి బుల్లి స్క్రూడ్రైవరు తీసి, రెండు తిప్పులు తిప్పి, కాడను సుతారంగా వంచి, మళ్ళీ అతని చెవుల మీద పెట్టింది.

"ఇప్పుడెలా కనబడుతోంది?"

అద్దాలు చక్కబడ్డాక అతనికి మొట్టమొదట కనబడింది జానెడు దూరంలో ఆమె ముఖం. కనురెప్పల మీద ఇంకా రెండు వాన చినుకులున్నాయి.

"బా... బాగా కనబడుతోందండీ," అన్నాడు. అంతే, మాస్టారి పని ఐపోయింది.

మర్నాటి నుంచి ఐదెప్పుడవుతుందా అని అతను గడియారం చూడటం మొదలుపెట్టాడు. ఆమె రోజు విడిచి రోజు వచ్చేది. ఒకరోజు వేరియబుల్ పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాసింది. మరో రోజు ఫైలును ఒక ఫోల్డరులో దాచి ఇంకో ఫోల్డరులో వెతికింది. కొత్తవాళ్ళందరూ చేసే తప్పులే. చిక్కేమిటంటే, అన్నీ బామ్మ దగ్గరే తేలిపోయేవి. ఆవిడ "ఊఁ, తర్వాత?" అనడం, ఆమె సగంలో "అయ్యో!" అని నాలుక కరుచుకోవడం, దిద్దుకుని చక్కా పోవడం. మూలనున్న టేబుల్ దాకా రావాల్సిన అవసరమే పడేది కాదు. సొంత బామ్మ మీద అసూయపడే మనవడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా? ఇక్కడున్నాడు.

రెండు వారాలు ఓర్చుకుని, మూడో వారం అతను ఒక పని చేశాడు. ఐదుకు పది నిమిషాల ముందు తలుపు వెనక్కి వెళ్ళి, కళ్ళద్దాలు తీసి, చేత్తో ఫ్రేమును కాస్త వంచాడు.

పాచిక పారింది! వెళ్ళబోతూ ఆమె చూసింది. "మళ్ళీనా మాస్టారూ? వీటితో క్రికెట్ ఆడుతున్నారా?" అంటూ దగ్గరికొచ్చి సరిచేసింది. అతనికి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆనందంతో!

అలా ఏడుసార్లయింది. "ఏరా, నీ తలేమైనా పెరుగుతోందా? ఆ అద్దాలు నిలవడం లేదు," అంది బామ్మ ఒకసారి, అల్లిక మీంచి చూపు తిప్పకుండానే. అతను వినబడనట్టు నటించాడు.

ఈలోగా ఒక కబురు తెచ్చింది కళ్ళద్దాల పిల్ల. బామ్మ ఆమెకు పెట్టిన పేరు అదే. "బామ్మగారూ! మా సారు ఊరికి ఆ చివర కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. వచ్చే శనివారం నా ప్రోగ్రాం ఆయన ముందు సరిగ్గా నడిస్తే ఆ బ్రాంచి ఇన్‌ఛార్జి నేనే!"

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారూ కొట్టాడు. కొడుతూనే లెక్కేసుకున్నాడు. ఊరికి ఆ చివరంటే బస్సులో గంటన్నర. ఇక సాయంత్రాలు ఇక్కడికి రావడం అయ్యే పని కాదు. ఆమె గెలవాలి, గెలిస్తే వెళ్ళిపోతుంది.

ఆశ్చర్యమేమిటంటే, సరిగ్గా ఆ వారంలోనే ఆమె అతని టేబుల్ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. సోమవారం వచ్చి, "బామ్మగారికి చెప్పానండీ, దొరకలేదు," అని కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. అతని పంచప్రాణాలూ లేచొచ్చాయి. చూస్తే ఒక లైను చివర రెండు చుక్కలు లేవు.

"రెండు చుక్కలు," అన్నాడు.

"అరె! అవును కదా," అని నవ్వింది. నవ్వి, అరగంట కూర్చుంది.

మంగళవారం మళ్ళీ అదే లైను, అవే చుక్కలు. బుధవారం కూడా అదే. ఇంత చిన్నది మరిచిపోతోందంటే శనివారం ఓనరు ముందు ఏం చేస్తుంది? భయమంతా నోటివెంట కోపమై వచ్చింది.

"మూడోసారండీ ఇది! ఇంత చిన్న విషయం గుర్తుండకపోతే ఎలా? డెమోలో ఇలాగే చేస్తే పరువు పోతుంది!"

ఆమె ముఖం వెలవెలబోయింది. లాప్‌టాప్ మూసింది. "మీ టైము వేస్టు చేసినందుకు సారీ మాస్టారూ. ఇక రాను," అని విసవిసా వెళ్ళిపోయింది. అతని ఫ్రేము ఆరోజు కూడా వంగే ఉంది. ఆమె చూడనే లేదు.

గురువారం రాలేదు. శుక్రవారమూ రాలేదు. ఏడు గంటలకు అందరూ వెళ్ళిపోయాక, అతను కాళ్ళీడ్చుకుంటూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"బామ్మా, నాకో సమస్య."

బామ్మ ఊలు ఒళ్ళో పెట్టుకుంది. "మొదట్నుంచీ చెప్పు. నాకేమీ రాదు."

"ఆ అమ్మాయిని కసిరాను."

"ఊఁ, తర్వాత?"

"తర్వాతేముంది, తను రావడం మానేసింది. తప్పు నాదే అనుకో. కానీ చూడు బామ్మా, సోమవారం నేనే పక్కనుండి ఆ చుక్కలు పెట్టించా. ప్రోగ్రాం నడిచింది, నా కళ్ళతో చూశా."

"ఊఁ, తర్వాత?"

"మంగళవారానికి లేవు. మళ్ళీ పెట్టించా. బుధవారానికి మళ్ళీ లేవు. అన్ని వందల లైన్లుంటే వేరే ఎక్కడా తప్పు లేదు, సరిగ్గా అక్కడే. ఒకసారి పెట్టిన చుక్కలు వాటంతటవే ఎలా పోతాయి? ఎవరో ఒకరు చేత్తో తీసేస్తే తప్ప..."

అతను ఆగిపోయాడు. బామ్మ ఊపిరి బిగబట్టింది.

"బామ్మా! తనే తీసేసింది! ఇంట్లో కూర్చుని తనే తీసేసి, దొరకలేదని నా దగ్గరికొచ్చింది!" ఒక్క గెంతులో బల్ల మీంచి లేచాడు. "నీకు ముందే తెలుసా? నీకు చెప్పిందా?"

"ఈ బల్ల మీద చెప్పింది ఈ బల్ల దాటదు," అంది బామ్మ. ఆవిడ పెదవులు మాత్రం నవ్వు ఆపుకోలేక అదురుతున్నాయి.

"ఇప్పుడే వెళ్తా!"

"ఆగరా! రేపు దాని పరీక్ష. ఇప్పుడెళ్ళి దాని మనసు చెదరగొట్టకు. పదకొండింటికి డెమో అయ్యాక వెళ్ళు."

శనివారం పదిన్నరకే అతను షాపు ఎదుటి పేవ్‌మెంట్ మీద ఉన్నాడు. పదకొండూ పది వరకు అటూ ఇటూ నూరుసార్లు తిరిగాడు. ఇంతలో లోపల ఓనరు ఫోన్ పైకెత్తి, "ఒక్కటే వచ్చింది! ఈసారి ఒక్కటే వచ్చిందమ్మా!" అని కేకపెట్టడం వినిపించింది. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వుతోంది. ఇక అతను ఆగలేకపోయాడు. పరుగున వెళ్ళాడు.

కళ్ళద్దాల షాపులో గాజుతలుపు ఎంత శుభ్రంగా ఉంటుందో మీకు తెలుసు కదా. మాస్టారికి తెలీదు. ధడాలున గుద్దుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి, అక్షరాల బోర్డు ఎదురుగా ఉండే టెస్టింగ్ కుర్చీలో ఉన్నాడు. కళ్ళద్దాలు లేవు. ఎదురుగా ఏదో మసకమసకగా కదులుతోంది. ఆ మసకకు ఆమె గొంతు ఉంది.

"ఇది మాత్రం నిజంగా వంగింది."

"మాత్రం అంటే?"

"దెబ్బ తగిలితే ముక్కు దగ్గర వంగుతుంది. చేత్తో వంచితే చెవి దగ్గర. ఇదివరకు ఏడుసార్లు చెవి దగ్గరే వంగింది మాస్టారూ. నేను మూడేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా."

అతను తెల్లముఖం వేశాడు. "మొదటిసారే తెలిసిపోయిందా?"

"ఆ మాటకొస్తే రెండోసారికి. మొదటిసారిది నిజంగానే ఒరిగింది."

"అయితే నాదీ ఒక మాట వినండి. పెట్టిన చుక్కలు వాటంతటవి పోవు. నేను పదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా."

మసక ఒక్కసారిగా కదలడం మానేసింది. "బామ్మగారు చెప్పేశారా?" అంది సన్నగా.

"బామ్మ నోరు విప్పలేదు. చెబుతూ చెబుతూ నాకే తెలిసింది. తెలిసేసరికి మిమ్మల్ని ఏడిపించేశాను. సారీ అండీ."

స్క్రూడ్రైవరు తిరుగుతున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఆమె, అచ్చం బామ్మలాగే అంది.

"ఊఁ, తర్వాత?"

అతనికి నవ్వొచ్చింది. ముఖం కనబడకపోవడం వల్ల ధైర్యమూ వచ్చింది. "తర్వాత... మీరు బ్రాంచికి వెళ్ళిపోతారని తెలిసిన రోజు నుంచీ నాకు మనసు మనసులో లేదు. మీరు గెలవాలని ఎంత ఉందో, ఇక రారేమోనని అంత భయం."

"ఊఁ, తర్వాత?"

"తర్వాత, మీరంటే నాకు ప్రాణం. వాన రోజు నుంచీ. గంటన్నర బస్సైనా రోజూ వస్తా. ఆ రద్దీలో ఫ్రేము దానంతటదే వంగుతుంది, నేను వంచక్కర్లేదు."

చల్లటి వేళ్ళు చెవుల దగ్గర తగిలాయి. మసక పోయి, జానెడు దూరంలో ముఖం తేటపడింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు.

"ఇప్పుడెలా కనబడుతోంది?"

"ఇంత బాగా ఎప్పుడూ కనబడలేదు."

"నాకూ మీరంటే అంతే. లేకపోతే నా చేతులారా నా ప్రోగ్రాం పాడుచేసుకుంటానా?" అంది ఆమె. షాపు ఓనరు చప్పుడు కాకుండా అటు తిరిగి ఫ్రేములు సర్దడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఐదింటికి ఇద్దరూ కలిసి గదిలోకి వచ్చారు. ఆరుగురూ తలలెత్తారు. వాళ్ళు మూలనున్న టేబుల్ వైపు వెళ్ళలేదు. రూలు ప్రకారం వచ్చి బామ్మకు చెరో పక్కన కూర్చున్నారు. ఎవరు మొదలుపెట్టాలో తెలీక ఇద్దరూ నేల చూపులు చూశారు.

బామ్మ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. "ఊఁ?" అంది.

అతను ఆమె వైపు చూశాడు, ఆమె అతని వైపు చూసింది.

"తర్వాత?"

"తర్వాతేముంది బామ్మగారూ," అంది కళ్ళద్దాల పిల్ల, సిగ్గుతో ఆవిడ భుజంలో తలదాచుకుంటూ. "పెళ్ళే!"

బామ్మ ఊలు ఉండ గాల్లోకి ఎగరేసింది. "ఆ మాట ఎప్పుడంటారా అని రెండు నెలలుగా చెవులు రిక్కించుకుని కూర్చున్నానే! ఇటు వీడు చెప్పడు, అటు నువ్వు చెప్పనివ్వవు, నా నోరు కుట్టేసుకుని చచ్చాననుకో! రండి, దగ్గరికి రండి ఇద్దరూ!"