మాగ్డా పంపిన క్రియాపదం

1958 ఫిబ్రవరి, గురువారం. ఉదయం ఎనిమిదిన్నరకు లండన్‌లోని ఒక బోర్డులేని ఆఫీసులో మేజర్ స్ట్రాడ్ ఒక సన్నటి కాగితాన్ని బల్ల మీదుగా తోశాడు.

"నీ మాగ్డా పంపింది. చదువు."

గిల్బర్ట్ ఫెన్ చదివాడు. 'దే రన్ పర్విస్. థర్స్‌డే నూన్.'

మాగ్డా కెరెకెష్ హంగరీ మనిషి. తూర్పు కూటమి ట్రేడ్ డెలిగేషన్‌లో సెక్రటరీ. వాళ్ల గూఢచారి ముఠాలోనే ఉంటూ రెండేళ్లుగా ఫెన్‌కు కబుర్లు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. పర్విస్ సబ్‌మెరీన్ల చప్పుడు అణచే యంత్రం కనిపెట్టిన ఇంజనీరు. నిన్న సాయంత్రం నుంచి ఇంటికి రాలేదు.

"ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు స్ట్రాడ్. " ఏజెంటును రన్ చేయడమంటే మన భాషలో వాణ్ణి గుప్పిట్లో పెట్టుకుని ఆడించడం. పర్విస్ అమ్ముడుపోయాడు. వాడు రోజూ వెళ్లే పార్కులో ఇవాళ మధ్యాహ్నం తన మనిషిని కలుస్తాడు. పారిపోబోతే కాల్చెయ్యమని అక్కడ కాపలా ఉన్న మనవాళ్లకు చెప్పాను."

"ఆ అర్థం ఆమెకు తెలీదు సార్."

"తెలీకపోవడమేంటి? ఇంగ్లీషు నేర్పింది నువ్వే కదా?"

"అందుకే చెప్తున్నా. అదొక్కటీ నేర్పలేదు."

రెండేళ్ల కిందటి చలికాలం. లండన్ బేస్‌వాటర్ పేటలో ఒక అద్దె గది. గ్యాస్ మంట ముందు చేతులు కాచుకుంటూ మాగ్డా అడిగేది.

"ముక్కు కారినా రన్నే, నది పారినా రన్నే. బస్సు నడిచినా, దుకాణం నడిపినా అదేనా?"

"అదే."

"మా నాన్న పడవలో డాన్యూబ్ దాటించి పొగాకు అమ్మేవాడు. దాన్నేమంటారు?"

"దొంగసరుకు దాటించడం. అదీ రన్నే."

ఆమె పడీపడీ నవ్వింది. "దుకాణం వాడికీ దొంగకీ ఒకటే మాటా? మహా పిసినారి జాతండీ మీది."

మిగిలిన ఆ ఒక్క అర్థం ఫెన్ నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చెబితే ఆమె అడగబోయే ప్రశ్న అతనికి తెలుసు. మరి మీరు నన్ను చేస్తున్నది అదేనా?

"పర్విస్‌ను దాటిస్తున్నారు సార్, పొగాకు దాటించినట్టు," అన్నాడు ఫెన్ స్ట్రాడ్‌తో. " పన్నెండుకు బయల్దేరే వాళ్ల ఓడేదైనా ఉందా?"

స్ట్రాడ్ జాబితా తిరగేశాడు. "హార్విచ్‌లో ఒకటుంది. వేగా." కళ్లజోడు తీశాడు. "ఒక్క క్రియాపదం పట్టుకుని నిన్ను నమ్మమంటావు."

"పార్కులో మీ మనుషుల్ని ఉంచుకోండి. నన్ను మాత్రం పోనివ్వండి."

"వెళ్లు. వాణ్ణి ఏదో సరుకు పెట్టెలోనే దాచి ఉంటారు. కానీ నేరుగా పోయి ఆ పెట్టె తెరిచావో, ఎవరో చెప్పారని వాళ్లకు అర్థమైపోతుంది. ఆ ఎవరో ఎవరని తేల్చుకోడానికి ఒక పూట చాలు."

పదకొండు ఇరవైకి ఫెన్ కస్టమ్స్ యూనిఫాంలో హార్విచ్ రేవులో ఉన్నాడు. వెంట పోర్టు జవాను, వాడి చేతిలో గొలుసు, గొలుసు చివర నల్ల లాబ్రడార్ కుక్క. వేగా ముందు పద్దెనిమిది చెక్కపెట్టెలు వరసగా ఉన్నాయి. అన్నిటి మీదా 'మెషినరీ' అనే రాసుంది. ఫెన్ చేతిలోని ఫౌంటెన్ పెన్ నిజానికి లిజనింగ్ పరికరం. కొన చెక్కకు ఆనిస్తే లోపలి శబ్దం చెవిలో వినిపిస్తుంది.

ఐదో పెట్టెలో ఊపిరి వినిపించింది. నిదానంగా, బరువుగా.

ఫెన్ ఆగకుండా ముందుకు నడిచి తొమ్మిదోది తెరిపించాడు. లేత్ మెషిన్. పన్నెండోది తెరిపించాడు. గేర్లు. ఓడ మెట్ల దగ్గర బొచ్చు కాలర్ కోటులో, ఎర్రని పెదవులతో మాగ్డా నిలబడి ఉంది. పక్కన డెలిగేషన్ నాయకుడు. ఆమె ఫెన్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పదకొండు యాభై ఐదు. ఐదో పెట్టెకు క్రేన్ కొక్కెం తగిలించారు. ఫెన్ జేబులోని శాండ్‌విచ్‌లోంచి హామ్ ముక్క లాగి, అరచేతికి రుద్దుకుని, ఊరికే తట్టినట్టు ఆ పెట్టెను తట్టాడు. కుక్క గొలుసుతో సహా జవానును ఈడ్చుకొచ్చి మొరిగింది. అప్పటికే పెట్టె నేల విడిచి మూరెడు లేచింది.

"దించండి," అన్నాడు ఫెన్.

"టైమైపోయింది ఆఫీసర్," అన్నాడు నాయకుడు.

"నన్నేం చెయ్యమంటారండీ? కుక్క ఒప్పుకోవడం లేదు."

మూత ఊడదీస్తే పర్విస్. మత్తుమందు ఇచ్చి, నోట్లో గుడ్డ కుక్కారు. బతికే ఉన్నాడు.

డెలిగేషన్ వాళ్లందరివీ డిప్లొమాటిక్ పాస్‌పోర్టులు. వాళ్లను ఆపే వీల్లేదు. నాయకుడు తన మనుషుల్ని ఒక్కొక్కరినే చూశాడు. మాగ్డా దగ్గర ఆ చూపు ఒక క్షణం ఎక్కువ ఆగింది. ఇక్కడే ఉండిపోతానని ఆమె ఒక్క మాటంటే ఫెన్ అడ్డం నిలబడేవాడు. కానీ ఆమె తల్లి బుడాపెస్ట్‌లో ఉంది.

మాగ్డా తాపీగా వచ్చి కుక్క తల నిమిరింది. "మంచి కుక్క. ఏం పెడతారు దీనికి?"

"ఏం పెట్టినా తింటుంది మేడమ్."

"అదృష్టవంతురాలు," అని ఆమె మెట్లెక్కింది. వెనక్కి తిరగలేదు.

రిపోర్టులో సమాచారం ఎక్కడిదన్న చోట ఫెన్ 'కుక్క' అని రాశాడు. పై శాఖ వాళ్లు అది నిజమనుకుని దానికి పతకం ప్రకటించారు. కుక్క పేరు స్పెల్లింగ్ సరిచూసుకోవడానికి ఆ నెలలో ఫెన్‌కు రెండుసార్లు ఫోన్ చేశారు. రెండుసార్లూ అతను మొదటి రింగుకే ఎత్తాడు, మాగ్డా అయ్యుంటుందని.