ముప్పై సెకన్ల సున్నా

నగరంలో సంతకం అంతరించి ఇరవై ఏళ్లయింది. ఆ ఉదయం కూడా పెళ్లిళ్లు, ఇళ్ల బదిలీలు, శస్త్రచికిత్సలు ముంజేతి సమ్మతి కడియాల మీదుగానే సాగుతున్నాయి. ప్రశ్న కడియానికి చేరుతుంది. మనసులోని అవునో కాదో నాడుల ద్వారా వెనక్కి వెళుతుంది. పచ్చదీపమో ఎర్రదీపమో వెలుగుతుంది.

విచారణ గదిలో నాంచారమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. నలభై ఏళ్లు మగ్గం తొక్కిన ఆమె కుడికాలు మోకాలి కింద లేదు. కాలు తీయడానికి తాను ఒప్పుకోలేదని ఆమె ఫిర్యాదు. ఒప్పుకున్నట్టు ఆసుపత్రి దస్త్రం.

“పచ్చదీపం వెలిగింది మేడమ్. కళ్లారా చూశాను,” అన్నాడు శస్త్రవైద్యుడు ఫణీంద్ర.

“దీపాన్ని చూశారు. మనిషిని?” అని అడిగింది విచారణాధికారిణి హెలెన్ సుగుణ.

సుగుణ, కడియాన్ని నడిపే ప్రోగ్రామును, అంటే చోదకాన్ని, రాసిన ప్రద్యుమ్న వైపు తిరిగింది.

“ఆ రోజు కడియం ఏం చెప్పింది?”

“ఏమీ చెప్పలేదండీ. జవాబు కోసం చోదకం ముప్పై సెకన్లు ఆగుతుంది. వస్తే, ఇంకా ఎంత గడువు మిగిలిందో అంకెగా ఇస్తుంది; అప్పుడు అవునో కాదో చదువుతాం. రాకుండా గడువు తీరితే సున్నా ఇస్తుంది. మా పనిలో మిగతా అన్నిచోట్లా సున్నా అంటే లోపం లేదని. అలవాటుకొద్దీ దాన్ని అలాగే దీపం వెలిగించే వ్యవస్థకు పంపాను. అది అభ్యంతరం లేదనుకుని పచ్చదీపం వెలిగించింది.”

“ఇరవై ఏళ్లలో ఎవరూ కనిపెట్టలేదా?”

“అందరూ రెప్పపాటులో జవాబిస్తారండీ. ముప్పై సెకన్లు ఎవరు తీసుకుంటారు?”

“నోరు మెదపకపోతే కాలు కోసేస్తారా? బాగుందయ్యా నీ చదువు!” అంది నాంచారమ్మ.

సుగుణ ఆసుపత్రి దస్త్రాన్ని పక్కకు నెట్టింది. “ఆ ఒప్పుదల చెల్లదు. ఇరవై ఏళ్ల సున్నాలన్నీ, ఒక్కటి వదలకుండా, నా ముందుకు రావాలి.” తరువాత స్వరం తగ్గించింది. “ఆ ముప్పై సెకన్లలో మీరు వద్దనే కదా అనుకున్నారు?”

నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది.

“లేదమ్మా. ఆలోచిస్తన్నా. కాలు పోతే మగ్గం తొక్కేదెట్టా అని ఓ పక్క, పేణం పోతే ఎట్టా అని ఓ పక్క. ఇంతలో మత్తుసూది గుచ్చేశారు. సరేననేదాన్నేమో కూడా.”

ఆమె ఫణీంద్ర ముఖంలోకి చూసింది.

“ఏమనేదాన్నో ఇంక నాకే తెలీదు గదయ్యా.”