బరువును నమ్ముకున్న దొర

"గ్యాస్ డిపో గేటు కాపలాలో ఉన్నది నీ తమ్ముడే. అతన్ని మారిస్తే శత్రువులకు అనుమానం వస్తుంది," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "వాళ్ల ప్లాన్ ఏంటి సార్?"

"సరుకుతో కలిపి ఐదు టన్నుల లారీ. అరవై స్పీడులో గేటును గుద్ది లోపలి గ్యాస్ ట్యాంకులు పేల్చేస్తారు. ఆ దెబ్బలో సగం అయితే గేటు బార్ ఆపగలదు. ముఠా నాయకుడు బయటికొచ్చేది ఆ రోజే. లారీనీ ఆపాలి, వాణ్నీ పట్టుకోవాలి."

నాయకుణ్ని అందరూ దొర అనేవాళ్లు. విదేశీయుడు. ఒళ్లు పెంచినంతగా బుర్ర పెంచలేదు.

మెకానిక్ వేషంలో ఏజెంట్ వాళ్ల షెడ్డులో చేరాడు. దొర పక్కన నల్లకళ్లద్దాల మేడమ్ నిలబడి ఉంది.

"ఈ బండికి హారన్ ఉందా?" అడిగింది.

"ఉంది. వినేవాళ్లే లేరు."

కోడ్ సరిపోయింది. ఆమె మన మనిషే.

ఏజెంట్ చేతులు కట్టుకున్నాడు. "దొరా, బరువు పెంచితే దెబ్బ గట్టిగా పడుతుంది కదండీ?"

"నాకు చెప్తావా? ఇసుక ఎక్కించు. పది టన్నులు కావాలి!"

దొర అటు వెళ్లగానే మేడమ్ మండిపడింది. "మతి పోయిందా? దెబ్బ రెట్టింపవుతుంది!"

"స్పీడు తగ్గకపోతే అవుతుంది. గేటు ముందంతా ఎత్తు. ఇంత బరువుతో ఈ ముసలి ఇంజన్ ముప్పై దాటదు. బరువు రెట్టింపయితే గతిశక్తి రెట్టింపే అవుతుంది, స్పీడు రెట్టింపయితే నాలుగింతలవుతుంది. అలాగే స్పీడు సగమైతే శక్తి పావుకి పడిపోతుంది. బరువు రెట్టింపు కాబట్టి మొత్తానికి దెబ్బ సగం."

"వాడికి తెలీదంటావా?"

"అద్దంలో చూసుకుని బరువే బలమనుకునే మనిషి."

అనుకున్నట్టే లారీ ఎత్తు మీద మూలిగింది. స్పీడు ముప్పై. డ్రైవర్ పక్కన కూర్చున్న ఏజెంట్ ఊపిరి పీల్చుకున్నాడు. అంతలో వెనకనుంచి దడేల్‌మని గుద్దు. ఓపిక పట్టలేని దొర, ఏనుగులాంటి తన కారుతో లారీని తోస్తున్నాడు!

ముప్పై ఐదు. నలభై. బార్ ఆపగలిగే హద్దు దాటిపోయింది. డ్రైవర్ తలుపు తీసి దూకేశాడు. ఎదురుగా కాపలా గదిలో తమ్ముడు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

ఏజెంట్ డ్రైవర్ సీట్లోకి జరిగి రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక కారు ముందుభాగం నలిగిపోతున్న చప్పుడు. స్పీడులో పావు తగ్గితే చాలు, దెబ్బ సగానికి దగ్గరగా పడిపోతుంది. ముప్పై ఐదు... ముప్పై...

ధన్! బార్ విల్లులా వంగింది. విరగలేదు. కాపలా గదికి జానెడు దూరంలో లారీ ఆగింది.

"అన్నయ్యా! నువ్వా? ఇన్సూరెన్సు ఆఫీసన్నావు కదరా!"

"బతికున్నావుగా, నోర్మూసుకో," అన్నాడు ఏజెంట్.

నలిగిన కారులోంచి నలుగురు పోలీసులు పట్టి లాగితే గానీ దొర బయటికి రాలేదు. "ఇంకో రెండు టన్నులు ఎక్కించాల్సింది," అని గొణిగాడు.

పోలీసులతో వచ్చిన మేడమ్ బేడీలు బిగించింది. "జైలు వ్యాను చాలా బరువైనది దొరా. మీకు నచ్చుతుంది."