తప్పిపోయినవాడి కోసం చప్పట్లు

"ఆపండి! ఏమిటా చప్పట్లు? ఇక్కడేమన్నా సర్కస్ ఆడుతోందా?"

బెనెదీతాతో నేనన్న మొదటి మాట అది. ప్రేమకథ ఇలా మొదలవ్వకూడదని నాకూ తెలుసు. ఏం చేయను, నా నోరు అలాంటిది.

నా పేరు వాల్డెసిర్. సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు రెసీఫెలో, బోవా వియాజెమ్ బీచ్‌లో కుర్చీలు, గొడుగులు అద్దెకిస్తాను. ఆ రోజు ఒక పాప తప్పిపోయింది. ఒకాయన దాన్ని భుజాల మీదికెక్కించుకున్నాడు, చుట్టూ జనం చప్పట్లు మొదలుపెట్టారు. మా దగ్గర అంతే. కన్నవాళ్ళు ఆ చప్పుడు విని పరుగెత్తుకొస్తారు. ఈ పోర్చుగల్ అమ్మాయి మాత్రం అదేదో వేడుక అనుకుని, నా కుర్చీ ఎక్కి, నవ్వుతూ ఈలలు కూడా వేస్తోంది.

సంగతి చెప్పగానే ఆమె మొహం మాడిపోయింది. "నాకు తెలీదండీ. తెలీనివాళ్ళకి మెల్లగా చెప్పచ్చుగా?"

"మెల్లగా చెబితే మీకెక్కుతుందా? భాష ఒకటే అయినా, నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని మాట్లాడే దేశం మీది."

"మీరేమో పాట పాడినట్టు సాగదీస్తారు. తిట్టినా జోలపాడినట్టే ఉంది."

పక్కనే చిక్కుడుగింజల చారు అమ్మే ఇరాసీ పిన్ని పకపకా నవ్వింది. "వీడి నోటికి తగ్గ నోరు దొరికిందర్రా!"

నేను రోడ్డు దాటి అవతలికి పోయాను. చప్పట్లు మొదలైతే నేను బీచ్‌లో నిలబడలేను. తొమ్మిదేళ్ళుగా అంతే.

మర్నాడు మళ్ళీ వచ్చింది. వస్తానన్న స్నేహితురాలు ఆఖరి నిమిషంలో మానేసిందట, ఒక్కతే దిగింది. "తిట్టకుండా జాగ్రత్తలు చెప్పగలరా?" అని అడిగింది.

చెప్పాను. "గొలుసు గదిలో వదిలెయ్. నీళ్ళలో దిగేముందు సంచీ పక్క గొడుగువాళ్ళకి అప్పజెప్పు, చూస్తారు. ఇదిగో, ఈ పాత ఫోను దగ్గరుంచుకో. దొంగగారి ఫోను ఇది. ఎవడైనా ఆపితే వాదించకుండా ఇచ్చెయ్. నా నంబరు ఇందులో ఉంది."

"దొంగకి కూడా ఫోను సిద్ధం చేస్తారా? ఎంత మర్యాదస్తులండీ!"

"నవ్వకు. అదిగో ఆ ఎర్ర బోర్డు. సొరచేప బొమ్మ అందానికి పెట్టలేదు. సముద్రం పోటు మీదున్నప్పుడు చీలమండ కూడా తడవకూడదు. పాటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గాక, రాళ్ళ గట్టుకి ఇవతల మడుగుల్లో ఆడుకో."

"భయాలన్నీ చెప్పారు. సంతోషాల జాబితా లేదా?"

అది నాకు రాదు. అందుకే ఇరాసీ పిన్ని చేతికి అప్పగించాను. పిన్ని వేడి చారు గ్లాసులో పోసిచ్చింది, పుల్లకి గుచ్చి కాల్చిన చీజ్ తినిపించింది. పాటు వేళ బెనెదీతా మడుగులో కూర్చుని, కాళ్ళ చుట్టూ తిరిగే చేపల్ని చూసి కేరింతలు కొట్టేది. "రావయ్యా, మోకాలి లోతే!" అని పిలిచేది. నేను పొడి ఇసుకలోనే నిలబడేవాణ్ణి. నాలుగు రోజులయ్యేసరికి, పొద్దున్నే ఆమె పసుపు టోపీ కనపడకపోతే నాకు గొడుగు నిలువుగా పాతడం కూడా చేతకాలేదు.

ఐదో రోజు వాన. పోటు. చారు తాగి తల తిప్పేసరికి బెనెదీతా నడుంలోతు నీళ్ళలో ఉంది. మొహం వానకి ఎత్తి నవ్వుతోంది. సరిగ్గా గట్టు తెగినచోట.

నీళ్ళ అంచుదాకా పరుగెత్తాను. దిగాలి. కాళ్ళు కదల్లేదు. అరుస్తూనే ఉన్నాను. గార్డు ఈల విని తనే ఒడ్డుకొచ్చింది.

"చావాలనుంటే మీ దేశంలో సముద్రం లేదా?"

"ఒక్క నిమిషమేగా! వాన బాగుందని..."

"పో! నా కళ్ళముందు మాత్రం వద్దు. పో ఇక్కణ్ణుంచి!"

ఆమె కళ్ళు నిండాయి. టోపీ తీసుకుని వెళ్ళిపోయింది.

నేను చెప్పలేనిది ఆ సాయంత్రం పిన్ని ఆమెకి చెప్పిందట. మా తమ్ముడు ఎదిన్యోకి ఎనిమిదేళ్ళు, నాకు పంతొమ్మిది. "తమ్ముడి చెయ్యి వదలకురా" అని అమ్మ పొద్దున్నే చెప్పి పంపింది. ఎవరో విదేశీ జంట గొడుగు అడిగితే, పాతి వద్దామని రెండు నిమిషాలు వదిలాను. అంతే. అమ్మ పరుగున వచ్చి చప్పట్లు మొదలుపెట్టింది. బీచంతా కొట్టింది. చీకటి పడ్డాక ఒక్కొక్కరే ఇళ్ళకి పోయారు. అరచేతులు వాచిపోయినా అమ్మ ఆపలేదు. వాడు రాలేదు. సముద్రం వాడి చెప్పు ఒకటి మాత్రం ఇచ్చింది.

ఆమె మొహం చూడలేక మర్నాడు నా గొడుగులు బీచ్ అవతలి చివరికి, పీనా పేట వైపు మార్చుకున్నాను. దొంగగారి ఫోను నుంచి కాల్ వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఇరాసీ పిన్ని నుంచి పదకొండు వచ్చాయి. తిట్టడానికేనని ఒక్కటీ ఎత్తలేదు.

ఆదివారం. ఆ రాత్రే ఆమె విమానం. బీచ్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. దూరంగా చప్పట్లు మొదలయ్యాయి. అలవాటు ప్రకారం కాళ్ళు రోడ్డు వైపు తిరిగాయి. చప్పట్లు మాత్రం ఒక్కచోట ఆగలేదు. గొడుగు నుంచి గొడుగుకి అంటుకుంటూ నా వైపే వస్తున్నాయి.

"తప్పిపోయింది పిల్లా, పిల్లాడా?" అని ఎవరో అడిగారు.

"పిల్లాడేనట! ఇరవై ఎనిమిదేళ్ళు, ఆరడుగులు, నోటి దురుసు! పేరు వాల్డెసిర్!"

జనం గొల్లున నవ్వారు. నేను రోడ్డు అంచున ఆగిపోయాను. అటు అడుగు వేస్తే వెళ్ళిపోవచ్చు. ఆమె కూడా వెళ్ళిపోతుంది. అమ్మ ఒక్కతే నిలబడి కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగి పరుగెత్తాను.

ముందు పసుపు టోపీ, వెనక చారు కుండ వదిలేసి రొప్పుతూ పిన్ని. నన్ను చూశాక కూడా బెనెదీతా చప్పట్లు కొడుతూనే ఉంది.

"ఫోను చెయ్యచ్చుగా?" అన్నాను. అంతకంటే మంచి మాట దొరకలేదు.

"దొంగగారు అడిగారు. నువ్వు చెప్పినట్టే వాదించకుండా ఇచ్చేశాను. నీ నంబరుతో సహా."

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇసుకలో కూలబడి ఏడ్చాను. "ఆ రోజు నీళ్ళలోకి రాలేకపోయాను. నీకేమన్నా అయ్యుంటే నేను బతికేవాణ్ణి కాదు. నువ్వంటే నాకు..."

"తెలుసు. అందుకే నాలుగు కిలోమీటర్లు చప్పట్లు కొట్టుకుంటూ వచ్చాను," అంటూ పక్కన కూర్చుంది. "మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. విమానం తొమ్మిదింటికి."

అమ్మ తలుపు తీసింది. పలకరింపుగా బెనెదీతా చాచిన చేతుల్ని పట్టుకుంది. కందిపోయి, వాచిన అరచేతులు. అమ్మకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎవరి కోసమమ్మా?"

"మీ అబ్బాయి కోసం. దొరికాడు."

అమ్మ లోపలికెళ్ళి కొబ్బరినూనె తెచ్చి ఆ చేతులకి రాసింది. "మళ్ళీ వస్తావా?" అంది.

"జూలైలో. సెలవులకి."

అమ్మ నా చెయ్యి తీసుకుని ఆ నూనె చేతిలో పెట్టింది.

"ఈసారి వీడి చెయ్యి వదలకు," అంది.