సంతకం లేని గొంతు

"నొక్కుతున్నట్టు అనుకో అక్కా. వేలు కదలక్కర్లేదు. అనుకుంటే చాలు" అంది నస్రీన్.

మంచం మీద హైమవతి కదల్లేదు. కదిలి రెండేళ్లయింది. నరాల జబ్బు ముందు చేతుల్ని, తర్వాత గొంతుని, చివరికి కనురెప్పల్ని కూడా పట్టుకుపోయింది. రెప్పలు వాటికి తోచినప్పుడు కొట్టుకుంటాయి, అంతే. మెదడు మాత్రం నిక్షేపంగా ఉందని డాక్టర్లు చెప్పారు. ఆ మాట విని కూడా ఇంటిల్లిపాదీ ఆమె ఎదుటే ఆమె గురించి లేని మనిషిలా మాట్లాడుకుంటూ వచ్చారు.

ఆమె నుదుటికి కట్టిన పట్టీ ఆటలది. విజయవాడలో ఇప్పుడు ఇంటింటా ఉన్న 'కేళి' గేమ్ కన్సోల్‌తో పాటు వచ్చేదే. చెయ్యి కదిలే ముందు మెదడులో చిన్న విద్యుత్ అల పుడుతుంది. పట్టీ ఆ అలను పసిగట్టి, బటన్ నొక్కినట్టు లెక్కేస్తుంది. మగవాళ్లు సోఫాలో పడుకుని వేలైనా కదపకుండా సిక్సర్లు కొట్టడానికి ఇంత విజ్ఞానం ఖర్చయింది. ఇదే పని చేసే ఆసుపత్రి యంత్రం ఇల్లమ్మినా రాదు.

చిక్కల్లా ఒకటే. కేళి తన కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రామ్‌ని తప్ప దేన్నీ నడపదు. మెదడు సంకేతాల మీద పరిశోధన చేసే నస్రీన్ ఆ తలుపులో ఓ సందు కనిపెట్టింది. ఒక పాత క్రికెట్ ఆటలో ఆటగాడి పేరు రాసే చోట మరీ పొడుగు పేరు పెడితే కన్సోల్ తికమకపడి, ఎక్కువైన అక్షరాలను ఆజ్ఞలనుకుని పాటిస్తుంది. పేరు ఉండాల్సిన చోట ఆమె తన సొంత ప్రోగ్రామ్ పెట్టింది. కంపెనీ ముద్ర లేకుండా ఇలా ఎవరికి వారు తయారు చేసుకునేదాన్ని హోమ్‌బ్రూ అంటారు. యంత్రం అక్షరాలను ఒక్కొక్కటే చదువుతూ పోతుంది. కావలసింది రాగానే హైమవతి మనసులో నొక్కాలి.

హైమవతి సిటీ బస్సుల్లో ఆఖరి తరం కండక్టర్. కాలేజీ రోజుల్లో నస్రీన్ మీద చెయ్యి వేసిన ఒకణ్ణి వారధి మీద, వానలో, బస్సు ఆపించి దింపేసిన గొంతు ఆమెది. ఆ రోజు నుంచి నస్రీన్‌కి ఆమె అక్క.

భర్త పానకాలరావు ముందుకి వంగాడు. మొదటి మాట తన పేరే అవుతుందనుకున్నాడు కాబోలు, చొక్కా సర్దుకున్నాడు.

"ఆ సీరియల్ కట్టెయ్యండి. చూడలేక చస్తున్నా" అంది యంత్రం.

నస్రీన్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. తర్వాత గంభీరంగా, "బావగారూ, దీన్ని నెట్‌కి మాత్రం కలపకండి. కలిపితే కంపెనీ ఆ సందు మూసేస్తుంది. మళ్లీ తెరవడం నా వల్ల కాదు" అంది.

"మరి నా మ్యాచ్‌ల సంగతి?"

"ఫోన్‌లో ఆడుకోండి."

ఆయన తలూపాడు. ఎంతో త్యాగం చేసినవాడిలా ఊపాడు.

పరామర్శకు వచ్చేవాళ్లకి కష్టకాలం మొదలైంది. "ఏం చేస్తాం, మన ఖర్మ" అని నిట్టూర్చిన పక్కింటావిడతో యంత్రం, "ఖర్మ నాది. నువ్వు కాఫీ తాగు" అంది. ఆవిడ మళ్లీ రాలేదు.

పానకాలరావు అక్క రాజ్యం అంత సులువుగా వెళ్లే మనిషి కాదు. "ఆయా చేత ఎన్నాళ్లు కడిగిస్తావురా? కడుపున పుట్టిన ఆడపిల్ల ఉంది కదా. చైత్రని రప్పించు" అంది.

చైత్ర గోవాలో సముద్రాల మీద పరిశోధన చేస్తోంది. దక్షిణ సముద్రానికి బయల్దేరే ఓడలో ఆమెకు చోటు దొరికింది. వదులుకుంటే మళ్లీ దొరకదు.

"వద్దు. చైత్ర ఓడ ఎక్కాలి" అంది యంత్రం.

"అది కాదు హైమా, ఇంట్లో ఓ మనిషుంటే నీకే బాగుంటుందనీ..." పానకాలరావు నసిగాడు.

"నువ్వు మనిషివి కాదా?"

రాజ్యం తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఇది మన హైమ మాటేనా? ఆ పిల్ల పెట్టిన డబ్బా మాట్లాడుతోంది. దానికి ఎవరి సంతకం ఉందిట?" ఫోన్లో చైత్రకీ ఇదే చెప్పింది.

చైత్ర కంగారుగా నస్రీన్‌ని అడిగింది. "పిన్నీ, ఆ మాటలు పూర్తిగా అమ్మవేనా?"

నస్రీన్‌కి అబద్ధం రాదు. "కొన్ని అక్షరాలు ప్రోగ్రామ్ ఊహించి కలుపుతుంది. కానీ..."

ఆ కానీ తర్వాతి మాట ఎవరూ వినలేదు.

ఆదివారం మిత్రులొచ్చారు. హైమవతి మందుల మత్తులో ఉంది. పానకాలరావు ఒక్క మ్యాచ్ కోసం కన్సోల్‌ని నెట్‌కి కలిపాడు. తెర మీద 'మీ కుటుంబ భద్రత కోసం కొత్త అప్‌డేట్' అని వచ్చింది.

"ఇప్పుడే అని ఒకటి, తర్వాత అని ఒకటి, రెండే బటన్లున్నాయమ్మా. నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు మర్నాడు, మూగబోయిన యంత్రం ముందు నిలబడ్డ నస్రీన్‌తో.

చిప్‌లో వెంట్రుక కన్నా సన్నని తీగ ఒకటుంటుంది. అప్‌డేట్ దాన్ని కావాలనే కాల్చేస్తుంది, కన్సోల్ పాత స్థితికి ఎప్పటికీ తిరిగి రాకుండా. కొత్త కన్సోళ్లన్నీ ఆ తీగ కాలాకే దుకాణానికి వస్తున్నాయి. నస్రీన్ ఊరంతా తిరిగింది. పాతది ఒక్కటీ దొరకలేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి యువకుడు ఎంతో మర్యాదగా, "అకౌంటు భర్తగారి పేరున ఉంది మేడమ్. పేషెంటుగారు ఓనర్ కాదు" అన్నాడు. అయితే కంపెనీకి జాలి కలిగింది. రోగుల కోసం సంతకంతో సహా 'ఆప్తవాణి' అనే ప్రోగ్రామ్‌ని ఉచితంగా పంపింది. అందులో అక్షరాల్లేవు, తయారుగా ఉన్న మాటలే. గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"ఇందులో వద్దు అనే మాటేదీ?" నస్రీన్ మళ్లీ ఫోన్ చేసి అడిగింది.

"సర్వే చేశాం మేడమ్. ఆ మాట వింటే సేవ చేసేవాళ్లు కుంగిపోతున్నారట. పేషెంటు కాసేపు ఏదీ ఎంచుకోకపోతే యంత్రమే ఓ మంచి మాట అంటుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే బావుండదు కదా!"

ఓడ కదిలే ముందురోజు చైత్ర ఫోన్ తెర మీదకి వచ్చింది. వెనక సర్దిన పెట్టె కనిపిస్తోంది. "అమ్మా, నువ్వే చెప్పు. నన్ను రమ్మంటావా?"

కన్సోల్ తెర మీద మాటలు ఒక్కొక్కటే వెలిగి ఆరుతున్నాయి. నీళ్లు. ఆకలి. థాంక్స్. బాగున్నాను. మీ ఇష్టం. నొప్పి. సంతోషం. మళ్లీ నీళ్లు. హైమవతి ఏం వెతుకుతోందో ఆ గదిలో నస్రీన్‌కి ఒక్కదానికే తెలుసు.

"నొప్పి" అంది యంత్రం.

చైత్ర మొహం పాలిపోయింది. "ఎక్కడమ్మా?"

"నొప్పి. నొప్పి."

"ఆమె వద్దంటోంది చైత్రా! ఆ మాట అందులో లేదు. ఉన్నవాటిలో దగ్గరిది ఏరుకుంటోంది!" నస్రీన్ అరిచింది.

"చాల్లేవమ్మా" అంది రాజ్యం. "మొన్నటి మాటలకి దిక్కూ మొక్కూ లేదు. ఇవి సంతకం ఉన్నవి."

"వచ్చేస్తున్నానమ్మా. ఓడ లేదూ ఏమీ లేదు. రేపటికల్లా నీ దగ్గరుంటా." చైత్ర ఏడుస్తోంది.

రాజ్యం కొంగుతో కళ్లొత్తుకుంది. పానకాలరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. తెర మీద మాటలు ఇంకో చుట్టు తిరిగాయి. హైమవతి దేన్నీ నొక్కలేదు. కాసేపు ఆగి, తేనె గొంతు తనంతట తానే పలికింది.

"మీ ఇష్టం."